ఇండోరు పత్తి క్షేత్రంలో నేర్చిన విద్య

పత్తి చరిత్ర అనగానే మనకు కొన్ని బొమ్మలు కళ్ళముందు కొస్తాయి. ఢాకా మస్లిను, మాంచెస్టరు మిల్లు, రాట్నం, అమెరికా తోటల్లో బానిసలు, బొంబాయి మిల్లు కార్మికుల సమ్మెలు. ఇవన్నీ నిజాలే. మన సాహిత్యమూ మన ఉపన్యాసాలూ ఇంతకాలం వీటి చుట్టూనే తిరిగాయి. కాని వీటన్నిటికీ ముందు ఒక గింజ ఉంది. ఆ గింజను ఎవరు ఎన్నుకున్నారు, ఏ గుణం కోసం ఎన్నుకున్నారు, ఎన్నుకునే విద్యను ఎవరు ఎవరికి నేర్పారు అన్న ప్రశ్న మన చర్చల్లో దాదాపు కనిపించదు. ఆర్థికశాస్త్రం చదివినవాడు అది వృక్షశాస్త్రం సంగతి అంటాడు. వృక్షశాస్త్రం చదివినవాడు అది రాజకీయం అని తప్పుకుంటాడు. ఇద్దరూ వదిలేసిన ఆ జాగాలో చాలా వ్యవహారం నడిచింది.

పత్తి ప్రజననమూ జన్యుశాస్త్రమూ మన దేశంలో విద్యార్థులకు ఎలా అందాయో చూడాలంటే ఇండోరుకు పోవాలి. కోయంబత్తూరు, సూరత్తు, ధార్వాడ, నాగపూరు, లాయల్‌పూరు కూడా ఆ పని చేశాయి. మన నంద్యాలలో 1906 నుంచీ పరిశోధన క్షేత్రం ఉంది. అయినా ఇండోరులో ఈ విద్య తన పూర్తి ఆధునిక రూపంలో, లెక్కలతో సహా, పాఠంగా మారింది.

ఆ సంస్థ పుట్టుకలోనే దాని స్వభావం కొంత ఉంది. ఈస్టిండియా కంపెనీ 1840లో అమెరికా నుంచి పదిమంది తోటల యజమానులను జీతాలిచ్చి తెప్పించింది. మన రైతులకు పత్తి వేయడం నేర్పించాలని! మన రేగడి నేలల్లో, మన వానల్లో వాళ్ళ విద్య పారలేదు. కొంత అమెరికా విత్తనం మటుకు ధార్వాడ ప్రాంతంలో నిలిచింది. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వచ్చి లాంకషైరుకు దూది కరువైనప్పుడు మన పత్తి ధరలు ఆకాశానికి పోయి, యుద్ధం ముగియగానే పాతాళానికి వచ్చాయి. ఆ మిల్లుల ఫిర్యాదు మటుకు ఎప్పుడూ ఒకటే: భారతదేశపు పత్తికి పింజ పొట్టి. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి బొంబాయి, అహమ్మదాబాదు మిల్లుల యజమానులూ అదే పాట అందుకున్నారు. 1917లో వేసిన పత్తి కమిటీ సిఫార్సుల ఫలితంగా 1921లో భారత కేంద్ర పత్తి కమిటీ ఏర్పడింది. 1923లో దానికి చట్టబద్ధత వచ్చింది. ఎగుమతయ్యే పత్తి మీదా, దేశపు మిల్లులు వాడే పత్తి మీదా బేలుకు మొదట నాలుగణాలు, తరవాత రెండణాలు సెస్సు వేసి దాని ఖర్చు జరిపారు. సెస్సు కట్టేది వర్తకుడూ మిల్లుదారూ. అయితే ఆ అణాలు రైతుకిచ్చే ధరలో ఎక్కడో తగ్గకుండా ఉంటాయని నమ్మేవాళ్ళం మనం కాదు గదా! కమిటీలో మాత్రం మిల్లుల వారూ వర్తకులూ వ్యవసాయ శాఖాధికారులూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. రైతు ప్రతినిధులు నామినేషను మీద వచ్చిన కొద్దిమంది.

ఈ కమిటీ 1924లో రెండు పనులు చేసింది. బొంబాయి మాటుంగాలో దూదిని వడికి పరీక్షించే ప్రయోగశాల పెట్టింది. ఇండోరులో మధ్యభారత సంస్థానాల సాయంతో వృక్ష పరిశ్రమ సంస్థను నెలకొల్పడానికి డబ్బిచ్చింది. సంస్థకు మొదటి అధిపతి ఆల్బర్టు హోవర్డు. ఆయనా, ఆయన భార్య గేబ్రియేలూ అంతకు ముందు పూసాలో 1905 నుంచీ పనిచేశారు. హోవర్డుది ఒక వింత చరిత్ర. పత్తి కోసం వేసిన సెస్సుతో ఆయన ఇండోరులో కంపోస్టు చేశాడు. పత్తి కట్టె, చెత్త, పేడ కలిపి ఎరువు చేసే ఇండోరు పద్ధతి ప్రపంచమంతా పాకింది. వ్యవసాయాన్ని తలా ఒక ముక్కగా కోసి, ఒక్కొక్క నిపుణుడికి పంచిపెట్టడం తప్పని ఆయన వాదం. మొక్కను నేలనుంచి వేరుచేసి చూడకూడదన్నాడు. 1931లో ఆయన వెళ్ళిపోయాడు. వెళ్ళిన రెండేళ్ళకే, ఆయన వద్దన్న ప్రత్యేక నైపుణ్యానికి ఇండోరు పెట్టింది పేరయింది.

1933లో వచ్చినవాడు జోసెఫ్ హచిన్సన్. అప్పటికి ముప్ఫయ్యొక్కేళ్ళవాడు. ట్రినిడాడులో సామ్రాజ్య పత్తి సాగు కార్పొరేషను 1926లో స్థాపించిన పరిశోధన కేంద్రంలో హార్లండు అనే గొప్ప జన్యుశాస్త్రజ్ఞుడి దగ్గర ఆయన తయారయ్యాడు. ఆ ఏడాది సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. సుంకాల తగాదాలో జపాను మిల్లులు భారతదేశపు పత్తిని కొనడం మానేసింది 1933లోనే. పొట్టి పింజ పత్తికి అంతవరకూ పెద్ద గిరాకీ జపానుదే. లాంకషైరుతో మోడీ-లీస్ ఒడంబడిక కుదిరిందీ అదే ఏడు. "పింజ పెంచండి" అన్న కేక అంతకుముందెన్నడూ లేనంత గట్టిగా వినిపిస్తున్న రోజుల్లో హచిన్సన్ ఇండోరులో మొక్కల వరసల మధ్య నిలబడ్డాడు.

అక్కడికి కమిటీ స్టైపెండు మీద, సంస్థానాల ఖర్చు మీద పట్టభద్రులు శిక్షణకు వచ్చేవారు. వ్యవసాయ కళాశాలలో పరీక్ష ప్యాసైన కుర్రాడికి అప్పటిదాకా పత్తి అంటే పుస్తకంలోని ఒక పేజీ. క్షేత్రంలో అతడు మొదట నేర్చుకునేది వేళ్ళతో చేసే పని. పత్తి పువ్వు చాలామట్టుకు తన పుప్పొడితోనే తాను ఫలిస్తుంది. కాని తేనెటీగ వచ్చి పక్క మొక్క పుప్పొడి తెచ్చిపెడితే వంశం కలుషితమవుతుంది. అంచేత విడవబోయే మొగ్గ కొసను ముందురోజే దారంతో కట్టేయాలి. రెండు రకాలను కలపాలంటే పని ఇంకా సున్నితం. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం తిరిగాక చూసి పట్టుకోవాలి. రేకులను ఒలిచి, కీలాగ్రానికి గోరు తగలకుండా, అండాశయం గాయపడకుండా కేసరాల తిత్తులన్నీ తీసేయాలి. ఒక్క తిత్తి మిగిలినా శ్రమ వృథా. తరవాత దానికి తొడుగు వేయాలి. మర్నాడు పొద్దున తండ్రి మొక్క పువ్వు తెచ్చి కీలాగ్రానికి పుప్పొడి అద్ది, చీటీ కట్టాలి. అలా అద్దినవాటిలో సగానికి సగం రాలిపోతాయి.

కాయ పగిలాక మరో పని. గింజను పట్టుకుని దాని దూదిని చిన్న దువ్వెనతో రెండు వేపులా దువ్వితే సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుంటుంది. ఆ రెక్క వెడల్పు కొలిస్తే పింజ పొడవు తెలుస్తుంది. పత్తిని గింజ తీసి తూచితే నూటికి ఎన్ని పాళ్ళు దూదో తెలుస్తుంది. ఇలా వేల మొక్కలు. సాయంత్రం చేతులకు పత్తి మొక్క జిగురు పట్టి, రిజిస్టరు నిండా అంకెలుంటాయి. ఇది గొప్ప క్రమశిక్షణ అని ఒప్పుకోవాలి. మన కళాశాలల్లో అప్పటివరకూ సైన్సంటే నోట్సు వల్లించడమే. ఇక్కడ కుర్రాడు ప్రకృతిని ఒక ప్రశ్న అడిగి, దాని జవాబు కోసం ఒక పంటకాలం ఆగడం నేర్చుకున్నాడు.

పాఠాలు ఎంత విచిత్రంగా ఉండేవో ఒక ఉదాహరణ చెబుతాను. హచిన్సన్ 1932లో ఆసియా పత్తుల్లో "ముడుత" అనే గుణాన్ని వర్ణించాడు. ఆకులు నున్నగా ఆరోగ్యంగా ఉండే రెండు మొక్కలను కలిపితే, పుట్టిన పిల్లమొక్కలన్నీ ఆకులు ముడుచుకుపోయి నిలుస్తాయి. తల్లిలోనూ దోషం లేదు, తండ్రిలోనూ లేదు. రెండు జన్యువులు విడివిడిగా ఉన్నంతకాలం ఏ హానీ చేయవు. రెండూ ఒకే మొక్కలో కలిస్తే దోషం పుడుతుంది. తండ్రిది తండ్రికి, తల్లిది తల్లికి అని సరళంగా లెక్కవేసే విద్యార్థికి ఇది కళ్ళు తెరిపించే పాఠం. గుణం అన్నది ఒక జన్యువులో మూటగట్టి కూచున్న వస్తువు కాదనీ, మిగతా జన్యువుల సహవాసంలో అది తేలుతుందనీ ఆ ముడుత ఆకు చెబుతుంది. గతితర్కాన్ని ప్రకృతిలో చూపించమని అడిగే మన విద్యార్థి మిత్రులు ఏ నీటిమరుగు ఉదాహరణనో నూరోసారి చెప్పే బదులు ఈ ఆకును చూపించవచ్చు.

రెండో పాఠం లెక్కలది. ఒక వరసలో మొక్క బాగా కాసిందంటే అది వంశబలమా, నేలబలమా? ఇంగ్లండులో ఫిషర్ ఈ చిక్కు విప్పే మార్గం కనిపెట్టాడు. ఒక్కొక్క రకాన్ని చాలా మళ్ళలో, లాటరీ వేసినట్టు చెదరగొట్టి వేసి, తేడాలను గణితంతో తూచడం. ఇండోరులో హచిన్సన్, పాన్సే కలిసి ఈ పద్ధతిని పత్తి వంశాల పరీక్షకు తెచ్చారు. ఫలితాలు కొందరు పాత ప్రజననకారులకు రుచించేవి కావు. ఇప్పటికే శుద్ధమైన వంశంలోంచి మళ్ళీ మళ్ళీ మంచి మొక్కలు ఏరుతూ ఏళ్ళు గడపడం చాలావరకు వ్యర్థమని తేలింది. కంటికి కనిపించే మంచితనంలో సింహభాగం నేల ఇచ్చినదే. ఈ పాన్సేయే తరవాత సుఖాత్మేతో కలిసి 1954లో వ్యవసాయ గణాంక పద్ధతుల మీద రాసిన పుస్తకం దేశంలోని ప్రతి వ్యవసాయ విద్యార్థి చేతికీ వచ్చింది. బాపట్ల కళాశాల 1945లో పుట్టింది. అక్కడ చదివిన మన తరాలవాళ్ళు ఇండోరు చూడకపోయినా ఇండోరు విద్య చదివారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక ఆ తరగతిలో అడగని ప్రశ్న ఒకటుంది. దువ్వెన పట్టి పింజ కొలిచే విద్యార్థి, పింజనే ఎందుకు కొలుస్తున్నాడు?

ఇది తేలిక ప్రశ్న కాదు. పింజ పొడుగైతే సన్ననూలు వస్తుంది, ధరా పలుకుతుంది. కాని ఆ ధర రైతు దాకా రావాలి గదా. మధ్యపరగణాల రైతు రోజియం అనే పొట్టి పింజ పత్తిని ఇష్టంగా వేసేవాడు. దాని పింజ మిల్లుకు నచ్చదు. గింజ తీస్తే మాత్రం నూటికి నలభై పాళ్ళ వరకు దూది ఇస్తుంది, మొండిగా కాస్తుంది. బజారులో తూకానికే గాని పింజకు ధర కట్టని చోట రైతు లెక్క తప్పు కాదు. అయినా అధికారుల నివేదికల్లో అది రైతు అజ్ఞానంగానే నమోదైంది. మద్రాసు రాజధానిలో పులిచై అనే పొట్టి పత్తిని అరికట్టడానికి 1930 దశాబ్దంలో చట్టమే చేశారు. మన కర్నూలు, కడప నల్లరేగళ్ళలో నార్దరన్సు, అనంతపురం బళ్ళారి వేపు వెస్టరన్సు, తూర్పు తీరాన కొంచెం కావిరంగు దూది ఇచ్చే కొకనాడా, ఆదిలాబాదు నాందేడు వేపు గౌరానీ — ఇవన్నీ వ్యాపారి పెట్టిన పేర్లు. వాటిలో కొన్నిటికి దిక్కును బట్టి, కొన్నిటికి సరుకు ఎక్కిన ఓడరేవును బట్టి పేరు. ఈ రకాలను వందల ఏళ్ళు ఏరుకుంటూ వచ్చిన చేతుల పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. వానకు తట్టుకోవడం, చేలో కందికో కొర్రకో చోటివ్వడం, పశువులకు గింజ మిగలడం అనే గుణాలకు క్షేత్రపు రిజిస్టరులో గడులు లేవు. గడి లేనిదానికి అంకె ఉండదు, అంకె లేనిదానికి ఎంపికా ఉండదు.

హచిన్సన్‌ను ఇందులో ప్రతినాయకుడిగా నిలబెట్టడం అన్యాయం. ఘోష్‌తో కలిసి ఆయన 1937లో ఆసియా ఆఫ్రికా పత్తులను కొత్తగా వర్గీకరించాడు. మన దేశవాళీ పత్తుల వైవిధ్యం ఎంత గొప్ప నిధో ఆ వ్యాసం చదివితేనే తెలుస్తుంది. ఆయన తప్పులూ చేశాడు. 1947లో సైలో, స్టీఫెన్స్‌లతో రాసిన గ్రంథంలో, ఆసియా పత్తిని మనుషులే సముద్రం దాటించి అమెరికాకు చేర్చారని ఊహించాడు. అమెరికా పత్తి పుట్టుక మనిషి పుట్టుక కన్నా లక్షల ఏళ్ళ ముందుదని తరవాత రుజువై ఆ ఊహ పడిపోయింది. ఇలా పడిపోవడం సైన్సుకు అవమానం కాదు. నేను చెప్పేదల్లా, మంచి మనసున్న గొప్ప శాస్త్రజ్ఞుడు కూడా సెస్సు కట్టినవాడు గీసిన గీత లోపలే ప్రశ్నలు అడిగాడని.

అయితే సామ్యవాద దేశంలో ఈ విద్య వేరే దారిన పోయిందా? ఇక్కడ మనం కొంచెం ధైర్యం చేయాలి. మన పత్రికల్లో ఈ అధ్యాయాన్ని చాలాకాలం సగమే చెప్పుకున్నాం.

తాష్కెంటు దగ్గర జైత్సెవ్ అనే ఆయన ఉండేవాడు. విప్లవం, అంతర్యుద్ధం, కరువు నడిచిన సంవత్సరాల్లో ఆ మారుమూల పత్తి ప్రజనన కేంద్రాన్ని నిలబెట్టాడు. పత్తి మొక్కలో కొమ్మ మీద పువ్వు తరవాత పువ్వు ఏ క్రమంలో, ఎన్నిరోజుల ఎడంతో విచ్చుతుందో ఓపికగా గీసిపెట్టాడు. పాత ప్రపంచపు పత్తులకూ కొత్త ప్రపంచపు పత్తులకూ సంకరం కుదరదనీ, ఎక్కడన్నా కుదిరినా పుట్టినది గొడ్డుదవుతుందనీ చూపినవారిలో ఆయన మొదటివాడు. కారణం 1923, 1924లలో సోవియట్ దేశంలో నికొలాయెవా, ఇంగ్లండులో డెన్‌హాం క్రోమోజోములు లెక్కపెట్టినప్పుడు బయటపడింది. మన దేశవాళీ పత్తి కణంలో 26, అమెరికా పత్తిలో 52. జైత్సెవ్ 1929 జనవరిలో లెనిన్‌గ్రాడు మహాసభకు పోతూ దారిలో మాస్కోలో జబ్బుచేసి చనిపోయాడు. ఆయన మిత్రుడు వవిలోవ్. ప్రపంచపు పంటల విత్తనాలన్నీ ఒకచోట చేర్చిన మహానుభావుడు. 1933లో వవిలోవ్ ఆహ్వానం మీద ట్రినిడాడు నుంచి హార్లండు వెళ్ళి సోవియట్ పత్తి క్షేత్రాలు తిరిగాడు. సామ్రాజ్య కార్పొరేషను ఉద్యోగీ, సోవియట్ శాస్త్రజ్ఞుడూ ఒకే మొక్క ముందు వంగి మాట్లాడుకున్న రోజులవి.

ఆ ప్రయాణంలోనే హార్లండు లైసెంకోను కలిశాడు. ఆ తరవాత పదిహేనేళ్ళలో ఏమైందో లోకానికి తెలుసు. 1940లో వవిలోవ్‌ను నిర్బంధించారు, 1943 జనవరిలో సరాటోవ్ జైలులో ఆయన చనిపోయాడు. 1948 ఆగస్టులో జన్యుశాస్త్రమే బూర్జువా బూటకమని తీర్మానమైంది. జన్యుశాస్త్రజ్ఞులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పత్తి విషయానికొస్తే, మొక్క తలలు తుంచితే దిగుబడి పెరుగుతుందని లైసెంకో 1930 దశాబ్దం మధ్యలో పెద్ద ఎత్తున ప్రచారం చేశాడు. నేల నేలకు మళ్ళు వేసి, లెక్క తీసి చూడాల్సిన చోట రైతులనుంచి ప్రశ్నపత్రాలు నింపించి రుజువన్నాడు. ఇండోరులో కుర్రాడికి మొదటి ఏడే నేర్పే జాగ్రత్త అది! 1948 చివర బి.బి.సి. చర్చలో హార్లండు, లైసెంకోకు ఈ శాస్త్రపు ప్రాథమిక సూత్రాలే తెలియవని తన అనుభవం చెప్పాడు. అదే చర్చలో పాల్గొన్న హాల్డేన్, స్వయంగా కమ్యూనిస్టు, జన్యుశాస్త్రంలో దిగ్దంతుడు, తేల్చి ఖండించలేకపోయాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వరంలో కన్నుమూశాడు. ఆయన మీద గౌరవం ఉన్నవాళ్ళందరికీ ఆ సందిగ్ధం ఒక ముల్లు.

"బూర్జువా జన్యుశాస్త్రం" అన్న మాట ప్రపంచమంతటా వామపక్ష పత్రికల్లో తిరిగింది. అందులో తప్పు ఎక్కడుంది? పింజ కొలవడం వెనక ఎవరి ప్రయోజనం ఉందని అడగడం సరైన ప్రశ్న. దాన్నుంచి, 26 క్రోమోజోములు అబద్ధం అనే నిర్ణయానికి దూకడం తప్పు. దువ్వెన ఎవరి కోసం పట్టావని అడగవచ్చు. దువ్వెన చూపిన అంకెను తీర్మానంతో మార్చలేం. ఇక ప్రణాళిక ఒక్కటే చాలదని ఆరల్ సముద్రం చూపింది. 1960 దశాబ్దం నుంచి పత్తి టన్నుల లక్ష్యం కోసం నదులను మళ్ళించగా, ఆ సముద్రం ఎండిపోయి ఉప్పు ఎడారైంది. అక్కడి రిజిస్టరులోనూ నీటికి గడి లేదన్నమాట.

హార్లండు కథ మరికొంత ఉంది. 1935 తరవాత ఆయన దక్షిణ అమెరికాకు పోయి, పెరూలో పెద్ద భూముల యజమానుల సంఘం పక్షాన పనిచేశాడు. అక్కడ ఆయన 1940లోనూ, అదే ఏడు అమెరికాలో బీస్లీ వేరుగానూ, ఆసియా జాతి పత్తినీ అమెరికా అడవి పత్తినీ కలిపి, క్రోమోజోములను రెట్టింపు చేసి, 52 క్రోమోజోముల పత్తి ఎలా పుట్టి ఉంటుందో చేసి చూపించారు. బీస్లీ మూడేళ్ళకు ఇటలీ యుద్ధరంగంలో మరణించాడు. చిన్నవయసు.

1947కు వద్దాం. విభజనతో పొడుగు పింజ పండే సింధు, పశ్చిమ పంజాబు భూములు పాకిస్తానుకు పోయాయి. మిల్లులు మనకు మిగిలాయి. అప్పటికి మన పత్తి విస్తీర్ణంలో నూటికి 97 పాళ్ళు దేశవాళీదే. అక్కడినుంచి అమెరికా జాతి విస్తరణ జాతీయ కర్తవ్యమైంది. పత్తి కమిటీ 1966లో రద్దయి పరిశోధన కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి కిందికి వచ్చింది. 1970లో సూరత్తులో సి.టి. పటేల్ హైబ్రిడ్-4 విడుదల చేశాడు. ప్రపంచంలో వాణిజ్యంగా సాగైన మొదటి సంకర పత్తి ఇదే. 1972లో ధార్వాడలో కటార్కి రూపొందించిన వరలక్ష్మి వచ్చింది. మన గుంటూరు నల్లరేగడిలో వరలక్ష్మి పేరు తెలియని ముసలి రైతు ఉండడు.

ఇక్కడ ఆగాలి. సంకర విత్తనం అంటే ప్రతి ఏటా, ప్రతి గింజకూ, మళ్ళీ ఆ మొగ్గ ఒలిచి పుప్పొడి అద్దే పనే. ఇండోరు విద్యార్థి ప్రయోగం కోసం కొన్ని వందల పువ్వులకు చేసింది ఇప్పుడు కోట్ల పువ్వులకు చేయాలి. ఒక లెక్క వేసి చూడండి. పత్తి గింజ సుమారు గ్రాములో పదోవంతు. 450 గ్రాముల పొట్లంలో దాదాపు 4,500 గింజలు. అద్దిన పువ్వు కాయైతే పాతిక ముప్ఫయి గింజలు. అంటే పొట్లానికి 150 నుంచి 180 కాయలు. సగం రాలితే మూడువందల పైచిలుకు పువ్వులు, ఒక్కొక్కదానికి సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి. ఇంత చేతిపని ఖర్చు భరించలేమని అమెరికాలో, ఆస్ట్రేలియాలో సంకర పత్తి జోలికి పోలేదు. అక్కడ సూటి రకాలే. మన దేశంలో ఆ ఖర్చు ఎలా గిట్టింది?

కర్నూలు, మహబూబునగరం జిల్లాల సీడు పత్తి చేలు చూసినవాళ్ళకు జవాబు తెలుసు. 1990 దశాబ్దంలో ఆ చేలలో క్రాసింగు చేసినవారిలో అధిక సంఖ్య ఆడపిల్లలని పరిశీలకులు నమోదు చేశారు. ఏడేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ వాళ్ళు. కుటుంబానికి ముందే అడ్వాన్సు ముట్టేది, పిల్ల బడి మానేది, మూణ్ణెల్లు పూత ఉన్నంతకాలం పొద్దుటినుంచి సందె దాకా వరసల్లో. మందు కొట్టిన చేలోనే. ఎందుకు పిల్లలు అంటే, వాళ్ళ వేళ్ళు సన్ననివి, మొక్క ఎత్తుకు సరిపోతారు అని ఆర్గనైజర్లు చెప్పేవారు. వేళ్ళ సంగతి అబద్ధం. ఇండోరులో ఆ పని చేసిన పట్టభద్రుల వేళ్ళు పెద్దవాళ్ళ వేళ్ళే. ఆడకూలి కన్నా ఆడపిల్ల కూలి తక్కువ, అది సంగతి. ఉద్యమాల వల్ల ఇక్కడ పిల్లల సంఖ్య తరవాత కొంత తగ్గింది. గుజరాతు విత్తన చేలలోకి రాజస్థాన్ గిరిజన పిల్లలు వెళ్ళారు. తిత్తి మిగలకుండా ఒలవడం, కీలాగ్రానికి గోరు తగలకపోవడం అన్న నైపుణ్యం ఆ పిల్లలకు ఏ శాస్త్రజ్ఞుడికీ తీసిపోకుండా ఉంది. ఎందుకలా ఒలుస్తున్నారో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మిగతా కథ పాఠకులు అనుభవించినదే గనక క్లుప్తంగా చెబుతాను. 1980 దశాబ్దం నడుమ గుంటూరు, ప్రకాశం చేలను తెల్లదోమ ఊడ్చింది. దాన్ని తట్టుకునే కాంచన రకం గుంటూరు దగ్గరి లాం క్షేత్రంనుంచి వచ్చింది. ప్రభుత్వ క్షేత్రాలు పనికిరావని ఇప్పుడనేవారు ఇది మరిచిపోకూడదు. 1997-98లో వరంగల్లు పత్తి రైతుల ఆత్మహత్యలు. పురుగు, అప్పు, మందుల కొట్టువాడే వ్యవసాయ సలహాదారు. 2002 మార్చిలో బి.టి. పత్తికి అనుమతి. ఇతర దేశాల్లో ఆ జన్యువును సూటి రకాల్లో పెట్టారు. మన దగ్గర సంకరాల్లోనే పెట్టారు. సూటి రకంలో అయితే రైతు గింజ దాచుకుంటాడు, సంకరంలో దాచుకోలేడు. ఇది జీవశాస్త్రం నిర్ణయించిన సంగతి కాదు. పొట్లం ధర పదహారు వందలు దాటినప్పుడు 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషనుకు ఫిర్యాదు చేసి, ధరను 750 రూపాయలకు దింపింది. రైతు సంఘాల ఒత్తిడి లేకుండా అది జరగలేదు. 2010లో గుజరాతులో గులాబిరంగు పురుగు మొదటి బి.టి. జన్యువును జయించిందని ఒప్పుకున్నారు. 2017 నాటికి తెలంగాణలోనూ మహారాష్ట్రలోనూ రెండు జన్యువుల పత్తి కాయల్లోనూ అది కనిపించింది.

ఆ తరవాత ప్రభుత్వ క్షేత్రాల్లో పాత పనులు కొన్ని మళ్ళీ మొదలయ్యాయి. తక్కువ కాలంలో చేతికొచ్చే సూటి రకాలు, దగ్గర దగ్గరగా వరసలు, పురుగు పెరిగే లోపలే పంట ముగించడం. నాగపూరులో 1976లో పెట్టిన కేంద్ర పత్తి పరిశోధన సంస్థ దాచిన దేశవాళీ విత్తనాలలోంచి, నీరు లేని నేలలకు సరిపోయే వంశాలను వెతుకుతున్నారు. నంద్యాల, లాం క్షేత్రాలలో విద్యార్థులు మధ్యాహ్నం తిరిగాక మొగ్గలు చూసుకుంటూ వరసల్లో నడుస్తూనే ఉన్నారు. ఈ పరీక్షలు ఒక్క ఏడాదిలో తేలేవి కావు. కనీసం మూడు నాలుగు పంటలు, వేరు వేరు నేలల్లో, వాన కురిసిన ఏడూ కురవని ఏడూ చూడాలి.